ఏ పాట బలమైనది?



క్రిందటి శ్రమదినములలో మా సంఘ యవ్వనస్థులు మందిర ఆవరణలో తెర కట్టి 'కరుణామయుడు' చిత్రం వేశారు. మా సంఘం గాజువాక ప్రక్క వీధుల్లో ఉన్నది. సగం కుటుంబాలకు స్టీలు ప్లాంటు, మిగతా వారిలో చాలామందికి హార్బరు జీవనాధారం. సి షిఫ్టు వాళ్లు కూడా చూసి డ్యూటీకి వెళ్లాలని చీకటి పడగానే మొదలుపెట్టాం.

1978లో వచ్చిన ఆ చిత్రాన్ని గురించి ఈ పత్రిక చదివేవారికి వేరే చెప్పనవసరం లేదు. దర్శకులు భీమ్‌సింగ్ గారు, ప్రభువు పాత్ర ధరించినది విజయచందర్ గారు. సినిమా హాలు మొహం చూడని పల్లెలవారు సైతం, ప్రొజెక్టరు మోసుకొని వచ్చిన సువార్తికుల పుణ్యాన దానిని చూశారు. చిన్నతనంలో నేనూ గోనెపట్టా మీద కూర్చొని అలాగే చూశాను. సినిమా అంటేనే పాపమని ఎంచే మా నాన్నగారు ఆ ఒక్కదానికి మమ్మల్ని పంపించారు. తాను మాత్రం రాలేదు. ఆ పట్టుదల కొంత నాకూ వచ్చింది.

చిత్రం అయ్యాక టీ త్రాగుతూండగా ఒక కుర్రవాడు, "అయ్యగారూ, ఇందులో అన్నిటికంటే బలమైన పాట ఏదంటారు?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగానే నలుగురైదుగురు 'కదిలింది కరుణరథం' అన్నారు. మోదుకూరి జాన్సన్ గారు వ్రాసి, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు పాడిన ఆ పాటకు ఎదురుగా మరొక పాట పేరు చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. నేను చెప్పాను. ప్రభువు యెరూషలేములో ప్రవేశించేటప్పటి హోసన్నా పాటే బలమైనదని వాదించాను.

నా వాదన ఇది. మట్టల ఆదివారం జయధ్వనులు చేసిన ఆ పట్టణమే, వారం తిరగకముందే, పిలాతు ఎదుట సిలువ వేయమని కేకలు వేసింది. తర్వాత ఏమి జరగబోతున్నదో తెలిసి ఆ సంతోషపు పాట వింటే, నేను ఏ గుంపులో ఉన్నానని మనస్సాక్షి అడుగుతుంది. కరుణరథం పాటైతే ఏడిపిస్తుంది, అంతే. తనకోసం ఏడ్చిన స్త్రీలనే ప్రభువు దారిలో వారించాడు గదా! ఏడ్చి, కళ్లు తుడుచుకొని, ఇంటికి పోయి అన్నం తింటాం. డిప్లొమా చదివే రోజుల్లో నేర్చుకున్న ప్రసంగ శాస్త్రమంతా అక్కడ ఉపయోగించాను. కుర్రవాళ్లు ఆలోచనలో పడ్డారు. నాకు లోపల కొంచెం సంతోషం కలిగింది, దాచడమెందుకు?

రిటైరైన ఒక ఉపాధ్యాయుడు మాత్రం ఒప్పుకోలేదు. "రథం అనే మాట చూడండి. మన ఊళ్లలో రథం కదిలిందంటే పనులు మాని గుమ్మాల్లోకి వస్తారు. అది పండుగ మాట. ఆ మాటను తీసుకెళ్లి నేరస్థుడిలా సిలువ మోస్తూ నడిచేవాడికి పెట్టారాయన. రథమూ లేదు, గుర్రమూ లేదు, పడుతూ లేస్తూ ఒక మనిషి. తెలుగువాడికి తప్ప ఆ తేడా తెలియదు" అన్నారు. మాట బాగుందన్నాను గాని, వాదన మానలేదు.

అప్పుడు ఖాళీ గ్లాసులు ఏరుతున్న ఒక సహోదరి తలెత్తకుండానే, "ఆ రోజు మీరు ఆపించీసారు కదండీ అయ్యగారూ" అన్నది.

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత జ్ఞాపకం వచ్చింది. మూడేళ్ల క్రిందట ఆమె భర్త కిడ్నీల జబ్బుతో చనిపోయాడు. కాంట్రాక్టు పని చేసుకునే మనిషి, చిన్న వయస్సు. పెట్టెను బండిలో ఎక్కించాక, అతని స్నేహితులు మైకులో ఈ పాటే పెట్టారు. సమాధి కార్యక్రమంలో సినిమా పాటేమిటని నేను సైగ చేసి సగంలో ఆపించాను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలోనిది ఒకటి ఎత్తుకున్నాం. నేను చేసినది సరైనదేనని ఆనాడు నాకు ఏ సందేహమూ లేదు. ఆ సంగతే మరచిపోయాను.

"ఆ పాట అయ్యేదాకా ఆ బండి ఎనకాల నడవగలననుకున్నాను. ఆపీసాక కాళ్లు రాలేదు. మా తమ్ముడు పట్టుకొని నడిపించాడు. మీరు చదివిన వాక్యం ఏదో నాకు తెలీదండి" అన్నది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు సులువుగా ఉండేది.

ఎవరూ మాట్లాడలేదు. మాస్టారు టీ గ్లాసులోకి చూస్తున్నారు. ఆ పాట ఏడిపించి ఇంటికి పంపిస్తుందని క్షణం క్రిందటే నేను అన్నాను. ఆ పాట పట్టుకొని నడుద్దామనుకున్న మనిషి నా ఎదుటనే ఉన్నది. "నన్ను క్షమించమ్మా" అన్నాను. పాస్టరు పనిలోకి వచ్చాక ఇతరుల చేత ఎన్నోసార్లు పలికించిన ఆ మాట నా నోట అంత కష్టంగా వస్తుందనుకోలేదు.

"ఇప్పుడేటుందండి" అని ఆమె గ్లాసులు లోపల పెట్టి వచ్చింది. మళ్లీ తనే, "పెట్టమనండి, సగమే విన్నాం కదా ఆ రోజు" అన్నది.

కుర్రవాడు బొమ్మను వెనక్కి త్రిప్పి ఆ పాట దగ్గర పెట్టాడు. సి షిఫ్టు వాళ్లు అప్పటికే వెళ్లిపోయారు. మిగిలినవాళ్లం పది పన్నెండు మందిమి, మడిచిన కుర్చీలు మళ్లీ వేసుకోకుండా, నిలబడే విన్నాం.