కల్లు కాంపౌండ్‌లో ఒక గుక్క

మా హాస్టల్లో ఎవరినీ పేరు పెట్టి పిలవరు. ఊరే పేరు. ఒకడు గుంటూరోడు, ఒకడు కరీంనగరోడు, నేను భద్రాచలపోణ్ణి. నిజానికి మాది భద్రాచలం కాదు. పాల్వంచ దాటి గోదావరి వైపు వస్తుంటే రోడ్డుకి రెండు పక్కలా అడవి మొదలవుతుంది చూశారా, ఆ అంచున ఉంటుంది మా ఊరు. ఒకప్పుడు ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. ఊరి పేరు చెబితే ఎవరికీ తెలీదు కాబట్టి రాముడి పేరు చెప్పుకుని బతికేస్తున్నా.

ఊరి పేరు విషయంలో చెప్పింది చిన్న అబద్ధం. పెద్దది ఇంకొకటి ఉంది.

కాలేజీలో చేరిన రోజు అడ్మిషన్ ఫారం నింపుతుంటే నాన్న పక్కనే నిలబడ్డాడు. 'తండ్రి వృత్తి' అనే గడి దగ్గర నా పెన్ను ఆగింది. నాన్న అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "వ్యవసాయం అని రాయి" అన్నాడు. రాశాను. మాకు కౌలుకి తీసుకున్న ఎకరం పొలం ఉన్న మాట నిజమే. కానీ మా ఇంట్లో అన్నం ఉడికేది పొలం వల్ల కాదు, తాటి చెట్ల వల్ల. మా నాన్న కల్లు గీస్తాడు.

ఆ తర్వాత ఎవరడిగినా వ్యవసాయమే చెప్పాను. రెండో ఏడాది డిసెంబర్ దాకా ఇబ్బందేమీ రాలేదు.

ఆ డిసెంబర్లో, 2024లో, ఇంటర్నల్స్ అయిపోయిన సాయంత్రం కరీంనగరోడు ప్రకటన చేశాడు. "పబ్బుకు పోదాం మామా. మన బడ్జెట్ పబ్బు." జూబ్లీహిల్స్ పబ్బులో లోపలికి అడుగుపెట్టడానికయ్యే ఖర్చుతో మాకు మెస్ బిల్లు కట్టేయొచ్చు. వాడు చెప్పింది కల్లు కాంపౌండ్. (ఈ మ్యాగజైన్ మా ఫ్యాకల్టీ అడ్వైజర్ గారు కూడా చదువుతారని తెలుసు సార్. చివరిదాకా చదవండి.)

హైదరాబాద్‌కి కాంపౌండ్లు కొత్త కాదు. నిజాం కాలంలో ఆబ్కారీ అంటే ఖజానాకి పెద్ద ఆదాయం. నగరంలో కల్లు దుకాణాలు 2004లో మూతపడ్డాయి, తెలంగాణ వచ్చాక 2014లో మళ్ళీ తెరుచుకున్నాయి. మేం వెళ్ళింది ఒక పాత బస్తీ సందులో ఉంది. పేరు రాయను. చుట్టూ గోడ, పైన రేకుల షెడ్డు, కింద సిమెంటు బల్లలు. గేటు దగ్గర వరసగా ఆడవాళ్ళు కూర్చుని బోటి, వేయించిన చేపలు, ఉడకబెట్టిన గుడాలు అమ్ముతున్నారు. లోపల భవన నిర్మాణం పని నుంచి నేరుగా వచ్చినవాళ్ళు, చేతులకి ఇంకా సున్నం మరకలతో. ఒక మూల నలుగురు ముసలమ్మలు కాళ్ళు చాపుకుని, సీసా మధ్యలో పెట్టుకుని, కోడళ్ళ గురించి మాట్లాడుకుంటున్నారు. ఎవరూ ఎవరినీ వింతగా చూడటం లేదు. మమ్మల్ని కూడా.

నిజం చెప్పాలంటే ఆ చోటు నాకు నచ్చింది. పక్క బల్ల మీద ఒక తాత గుడాల పొట్లం మా వైపు జరిపి, "తినుండ్రి బిడ్డా, ఉత్తగ తాగొద్దు" అన్నాడు. రోజంతా ఎవరో ఒకరి కింద పనిచేసినవాళ్ళు ఒక గంట తమ ఇష్టం వచ్చినట్టు కూర్చునే చోటు అది.

ప్లాస్టిక్ డబ్బాలో సీసాలు వచ్చాయి. పాత బీరు సీసాలు, లోపల తెల్లగా. "తాటికల్లేనా అన్నా?" అని గుంటూరోడు అడిగితే, "అస్సల్ తాటికల్లు" అన్నాడు తెచ్చినతను.

నేను ఒక గుక్క తాగాను. అప్పుడే తెలిసిపోయింది.

కల్లుకి టైమ్ ఉంటుంది. చెట్టు నుంచి కారేటప్పుడు అది ఉత్త తీపి రసం. లొట్టి లోపల సున్నం పూస్తే పులవకుండా ఉంటుంది. దాన్నే నీరా అంటారు. 2023లో నెక్లెస్ రోడ్డు మీద తెరిచిన నీరా కేఫ్ దాని కోసమే. సున్నం లేకపోతే ఈస్ట్ పని మొదలుపెడుతుంది. కొన్ని గంటల్లో చక్కెర ఆల్కహాల్‌గా మారుతుంది, నాలుగైదు శాతం దాకా. మర్నాటికి పులుపెక్కి వెనిగర్ దారి పడుతుంది. కాబట్టి పొద్దున ఒక రుచి, మధ్యాహ్నం ఇంకో రుచి, చీకటి పడేసరికి ముక్కు దగ్గర పెట్టుకోగానే తెలిసే పులుపు. మేం తాగింది రాత్రి ఏడున్నరకి. ఆ సీసాలో పులుపు లేదు, పొంగు లేదు. నాలుక మీద అతికే తీపి, మింగాక గొంతులో చేదు. పైగా మా వైపు తాళ్ళు సంక్రాంతి దాటితే గానీ ఊపందుకోవు. డిసెంబర్లో, చుట్టూ ఒక్క తాటి చెట్టు లేని చోట, ఇన్ని డబ్బాల తాటికల్లు ఎక్కడి నుంచి వచ్చినట్టు?

"ఇది బాలేదురా" అన్నాను.

"నీకెట్ల తెల్సు?" అన్నాడు కరీంనగరోడు.

అక్కడ నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం. 'మా నాన్న గీస్తాడు, నాకు తెలుసు, ముట్టుకోవద్దు.' అంతే. నేను అన్నది మాత్రం, "ఏమో, ఊళ్ళో ఒకసారి తాగా. అట్లా అనిపించింది."

"మీ అడవి కల్లు వేరు, సిటీ కల్లు వేరు మామా" అని నవ్వేశారు. నేనూ నవ్వాను. కరీంనగరోడు సగం తాగి వదిలేశాడు. గుంటూరోడు రెండు సీసాలు లాగించాడు.

ఆటోలో గుంటూరోడి మాట ముద్దగా మారింది. రూముకి వచ్చేసరికి పడుకున్నాడు. తాగినవాడు వాగుతాడు, పాడతాడు, కక్కుతాడు. వీడు ఏమీ చేయలేదు, లేపితే లేవలేదు. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం లాంటి మత్తు మందులు కలుపుతారని ఇంట్లో వింటూ పెరిగినవాణ్ణి. మోతాదు మించితే అవి ఊపిరినే నెమ్మదింపజేస్తాయి. ఆ సీసాలో ఏముందో నాకు ఇప్పటికీ తెలీదు. చెట్టు నుంచి మాత్రం రాలేదు. రాత్రంతా వాడి పక్కన కూర్చుని ఛాతీ పైకి లేస్తోందా లేదా అని చూశాను. వార్డెన్‌కి చెప్పలేదు, 108కి ఫోన్ చేయలేదు. అది రెండో తప్పు, మొదటిదానికంటే పెద్దది. మీలో ఎవరికైనా అలాంటి రాత్రి వస్తే తిట్లకి భయపడకుండా ఫోన్ చేయండి.

మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకి వాడు కళ్ళు తెరిచి "మెస్ అయిపోయిందా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు చెప్పాను. నాన్న గురించి, ఫారం గురించి, ఆ గుక్కలోనే తెలిసిన సంగతి గురించి.

వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు: "ఆ మాట ముందే చెప్తే ఆ రెండో సీసా ముట్టుకునేవాణ్ణి కాదు కదరా."

అంతే అన్నాడు. కులం గురించి గానీ, పని గురించి గానీ ఒక్క మాట లేదు. నేను రెండేళ్ళు దేనికి భయపడ్డానో అది వాడి బుర్రలోకే రాలేదు.

తర్వాతి ఏప్రిల్‌లో శ్రీరామనవమికి ఇద్దరూ మా ఊరు వచ్చారు. భద్రాచలంలో కల్యాణం చూసి, గోదావరి వంతెన దాటి, సారపాక మీదుగా ఇంటికి చేరాం. మర్నాడు తెల్లవారుజామునే నాన్న లేపాడు. "మీ సిటీ దుకాణం సాయంత్రం తెరుస్తరంట గదయ్యా. మన దుకాణం ఎండెక్కకముందే."

మన దుకాణానికి గోడ లేదు, షెడ్డు లేదు, గేటు లేదు. తాటి వనం, కింద ఎండుటాకులు, కూర్చోడానికి పడిపోయిన ఒక మొద్దు. నాన్న నడుముకి ముస్తాదు కట్టి, పాదాలకి గుజి వేసుకుని, ఒంటినీ చెట్టునీ కలిపి మోకు చుట్టుకున్నాడు. మెకానికల్ చదివే కరీంనగరోడు చుట్టూ తిరిగి చూశాడు. "అంకుల్, జారదా?"

"భయపడి చెట్టుని కావిలించుకుంటే జారతది. మోకుని నమ్మి ఎనక్కి వాలాలి."

వాడు నా వైపు తిరిగి గుసగుసగా, "వెనక్కి వాలితే పాదాల దగ్గర నార్మల్ ఫోర్స్ పెరుగుతది. ఫ్రిక్షన్ పెరుగుతది. అరే, ఫస్ట్ ఇయర్ మెకానిక్స్ మామా ఇది!" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా నాకు ఎప్పుడూ తట్టలేదు.

నాన్నకి కుడి మోకాలు సరిగ్గా వంగదు. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మంచు తడికి చెట్టు మీద నుంచి జారాడు. మోకు పట్టుకోబట్టి ప్రాణం దక్కింది, మోకాలు పోయింది. 2024 జులైలో ప్రభుత్వం గీత కార్మికులకి 'కాటమయ్య రక్ష' పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కాటమయ్య మా వృత్తి దేవుడు. తాళ్ళు, క్లిప్పులు ఉన్న ఆ కిట్టు ఫోటో చూపిస్తే నాన్న, "పదేళ్ళ ముందు కనిపెట్టలేకపోయారా మీ ఇంజనీర్లు?" అన్నాడు. ఆ 'మీ'లో నన్ను కూడా కలిపాడు.

పైన గెల కొసని కాయితం మందాన చెక్కి, లొట్టి మార్చి దిగడానికి పావుగంట. అలా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ప్రతి చెట్టూ. గీత మానేస్తే ధార ఆగిపోతుంది. చెట్టుకి ఆదివారం తెలీదు. మా అక్క పెళ్ళి రోజు కూడా నాన్న చెట్టెక్కి వచ్చాకే పీటల దగ్గరికి వచ్చాడు.

అప్పటికి పక్క గూడెం నుంచి ఇద్దరు కోయ పెద్దలు సొరకాయ బుర్ర పట్టుకుని వచ్చారు. తాటాకు మడిచి దొప్పలు చేసుకున్నాం. పెద్దాయన తన దొప్పలోంచి మొదటి చుక్కలు నేల మీద వదిలి, పోయిన పెద్దల్ని తలుచుకుని, అప్పుడు తాగాడు. నా దొప్పలో ఒక తేనెటీగ తేలుతోంది. "ఈగ వాలితేనే అసలు సరుకు" అని నాన్న దాన్ని వేలితో తీసేశాడు. గుంటూరోడు ఒక్క గుక్క తాగి ఆగాడు. అందరం వాడినే చూస్తున్నాం.

"తియ్యగా ఉంది. కొంచెం... గంధకం వాసన కూడా ఉంది. బాబాయ్, దీనికీ దానికీ పోలికే లేదు."

ఆ 'దాని' గురించి నాన్నకి తెలుసు. నేనే చెప్పాను. ఆయన దొప్ప కింద పెట్టి, "కల్తీ చేసేవాడు చెట్టెక్కడు బాబూ. చెట్టెక్కేవాడికి కల్తీ చేసే తీరికుండదు. పేరు మాత్రం మాకే వస్తది" అన్నాడు.

ఆ మాట జులైలో మళ్ళీ గుర్తొచ్చింది. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారని ఫోన్‌లో చదివాను. ఆసుపత్రిలో చేరినవాళ్ళలో కూలీలు, ముసలివాళ్ళు ఉన్నారు. నాకు గుడాల పొట్లం జరిపిన తాత కళ్ళ ముందుకొచ్చాడు. పాత వార్తలు వెతికాను. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు దాడుల వల్ల కల్తీ కల్లు ఒక్కసారిగా ఆగిపోతే, దానికి అలవాటుపడినవాళ్ళు వణుకుతూ, పిచ్చిచూపులు చూస్తూ ఆసుపత్రుల ముందు బారులు తీరారట. రోజూ కొంచెం మత్తుమందు తాగుతున్నామని వాళ్ళకి తెలీదు. కల్లే అనుకున్నారు.

ఆ వార్త గుంటూరోడికి పంపాను. వాడు జవాబు రాయలేదు. రూముకి వచ్చి, పక్కన కూర్చుని, నా భుజం మీద చెయ్యేశాడు.

మొన్న ఇంటర్న్‌షిప్ రిజిస్ట్రేషన్ పోర్టల్ తెరిచారు కదా. అందులో మళ్ళీ అదే గడి, తండ్రి వృత్తి. ఈసారి నాన్నకి ఫోన్ చేశాను. సాయంత్రం గీతకి బయల్దేరుతున్నట్టున్నాడు, మోకు చప్పుడు వినిపిస్తోంది.

"నాన్నా, ఫారంలో నీ పని రాయాలి. ఉన్నదే రాస్తా."

కాసేపు మాట లేదు. "ఉద్యోగానికి ఏం అడ్డం రాదుగా?"

"రాదు."

"వస్తే?"

"వస్తే చూద్దాం."

మళ్ళీ కాసేపు ఆగి, "ఇంగ్లీషులో ఏమంటార్రా దాన్ని?" అన్నాడు.

"టాడీ ట్యాపర్."

"ఏందీ, టాపరా?" అని గట్టిగా నవ్వాడు. "మనింట్లో టాపర్‌వి నువ్వొక్కడివే అనుకున్నా ఇన్నాళ్ళూ. సరే, రాయి రాయి. స్పెల్లింగ్ తప్పు పోకుండా చూస్కో." చీకటి పడేలోపు ఇంకా పదకొండు చెట్లున్నాయని ఫోన్ పెట్టేశాడు.