చేదాకు, ఎర్ర గుడ్డు

పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ పల్లెల్లో, జర్మన్ మూలాలున్న రైతుల ఇళ్లల్లో, ఈస్టర్ ముందటి గురువారం డాండెలియన్ ఆకు తినే ఆనవాయితీ ఉంది. తింటే ఏడాదంతా ఆరోగ్యమేనని పెద్దల నమ్మకం. పువ్వు విచ్చకముందే కోసుకోవాలి, పూసిందంటే ఆకు మరీ చేదెక్కుతుంది. కడిగిన లేతాకు మీద పంది కొవ్వు, వెనిగర్, పంచదార, గుడ్డు కలిపి కాచిన వేడి పులుసు పోస్తారు. పక్కన సీసాలో ఎర్ర గుడ్లుంటాయి. ఉడికించి, పెంకు వలిచి, బీట్‌రూట్ రసంలోనూ వెనిగర్‌లోనూ ఊరేసినవి. కోస్తే అంచున ముదురు గులాబీ, లోపల తెలుపు, నడుమ పసుపు. ఎంత అందమైన తిండి!

ఆ చేదు నాలుకకు తగిలితే నాకు మా తెలంగాణ పల్లెలో వినాయక చవితి గుర్తొస్తుంది. ఆ పొద్దు తుమ్మికూర వండాల్సిందే. వానలకు మొలిచిన తుమ్మి కోసం అమ్మమ్మ వెంట చెలకల గట్లన్నీ తిరిగేవాళ్లం. తెల్లపూలు తెంపి, వాటి మొదలు చప్పరిస్తే చుక్కంత తేనె. చింతపులుసులో ఉడికినా ఆ చేదు పూర్తిగా పోయేది కాదు. "తిను బిడ్డా, కడుపుకు మంచిది" అనేది అమ్మమ్మ.

లాంకాస్టర్‌లో ఇప్పటికీ వసంతం రాగానే గడ్డిలో వంగి ఆకు ఏరుకుంటారు. మా ఊళ్లో చెలకలు ప్లాట్లయ్యాయి. గట్టే లేకపోతే తుమ్మి ఎక్కడ మొలుస్తుంది? చెరువుకట్ట మాత్రం మిగిలింది. ఈసారి చవితికి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లాలి.