పరిశోధన నుండి పాఠానికి

పరిశోధన చేసేవాడు గొప్పవాడనీ, పాఠం చెప్పేవాడు బ్రతుకుతెరువు కోసం వచ్చినవాడనీ మన ఇళ్ళలో ఒక అభిప్రాయం నాటుకొని ఉన్నది. మేము విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ముగించి తెలుగు బోధించడానికి ఇక్కడికి వచ్చినప్పుడు మా మామూజాన్ సైతం "ఇంతేనా?" అన్నారు. రసాయనశాస్త్రంలో డాక్టరేటు పొంది వచ్చిన మా సహోద్యోగికి ఈ ప్రశ్న మరింత తరచుగా ఎదురవుతున్నది. దీనికి సమాధానం మాకు ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ జీవితంలో దొరికినది.

ఆయన 1882లో విద్యార్థివేతనంతో ఎడింబరో వెళ్ళి, 1887లో డి.ఎస్సి. పట్టం పొందినారు. 1888లో స్వదేశానికి తిరిగి వచ్చిన పిదప దాదాపు ఒక సంవత్సరం ఉద్యోగం లేదు. 1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో తాత్కాలిక సహాయాచార్య పదవి లభించినది; జీతం నెలకు 250 రూపాయలు. ఉన్నత శ్రేణి కొలువులు ఆ రోజులలో దాదాపుగా ఐరోపా వారికే పరిమితం.

ఈ చిన్నచూపుకు ఆయన తన పనితోనే జవాబు చెప్పినారు. క్రింది తరగతులకు తామే ప్రయోగాలు చేసి చూపుతూ బోధించినారు. పాఠంతోపాటు పరిశోధననూ సాగించి, 1896లో మెర్క్యురస్ నైట్రైట్ అనే పాదరస సమ్మేళనాన్ని లోకానికి తెలిపినారు. మేఘనాద్ సాహా, సత్యేంద్రనాథ్ బోసు ఆయన విద్యార్థులే. 1916లో విశ్వవిద్యాలయ విజ్ఞాన కళాశాలకు మారి, 1936 వరకు అక్కడ పనిచేసినారు. అరువది ఏండ్లు నిండిన 1921 నుండి తమ జీతాన్ని విశ్వవిద్యాలయానికే వదలివేసినారు.

ఆయన శిష్యులలో మరొకరు మహమ్మద్ కుద్రత్-ఎ-ఖుదా. 1929లో లండనులో డి.ఎస్సి. పొంది, 1931లో తాము చదివిన ప్రెసిడెన్సీ కళాశాలకే అధ్యాపకులై వచ్చినారు. 1972లో బంగ్లాదేశ్ ప్రభుత్వం విద్యా సంఘాన్ని నియమించి, ఆయననే అధ్యక్షునిగా చేసినది. ఒక ఉస్తాదు తరగతి గది నుండి ఒక దేశపు విద్యావిధానం దాకా దారి ఉన్నదన్నమాట!

అయితే ఒక మాట చెప్పక తప్పదు. ప్రయోగశాల లేనిదే రాయ్ గారికైనా పాఠం సాగేది కాదు. ఊపిరి సలుపని పీరియడ్లు, తుప్పు పట్టిన త్రాసు, తాళం వేసిన అలమర — వీటి నడుమ డాక్టరేటు పట్టా గోడమీది పటమై మిగులుతుంది. కనుక కమిటీ పెద్దలకు మా మనవి ఇది: విజ్ఞానశాస్త్ర అధ్యాపకునికి వారానికి ఒక పూట తీరికను, ప్రయోగశాల తాళంచెవిని ఇప్పించండి. విద్యార్థి మిత్రులారా, ఆ పూట మీలో ఇద్దరైనా ఆయన ప్రక్కన నిలబడండి. ఆయన చదివిన చదువు వృథా కాలేదని చెప్పడానికి ఆ ఇద్దరు చాలు.