దీపం ఆర్పిన తర్వాత

డబ్లిన్‌లో పొద్దున్నే బస్సెక్కాం. తారా కొండ మీద కనిపించేవి పచ్చిక దిబ్బలే, ఒకప్పటి రాజుల వైభవమంతా గైడు నోట వినాలి. గాలి మాత్రం మనిషిని తోసేస్తుంది.

న్యూగ్రేంజ్ సంగతి వేరు. క్రీ.పూ. 3200 ప్రాంతంలో కట్టిన సమాధి, గీజా పిరమిడ్ కన్నా పాతది. 19 మీటర్ల రాతి సందులో భుజాలు ముడుచుకుని, ఒకరి వెనక ఒకరం నడిచాం. లోపలి గది కప్పు రాయి మీద రాయి పేర్చిందే. ఐదువేల ఏళ్ల ఐరిష్ వానకి కారలేదట. మూడేళ్లకే కారిన మా డాబా గుర్తొచ్చింది.

గైడు లైటు ఆర్పింది. ఎవరి ఊపిరి వాళ్లకి వినపడేంత చీకటి. కాసేపటికి సన్నటి వెలుగు గీత నేల మీద పాక్కుంటూ వచ్చింది. బల్బుదే లెండి. అసలు సూర్యుడు డిసెంబర్ 21కి అటూ ఇటూగా, తెల్లవారాక, గుమ్మం పైనున్న కంతలోంచి వచ్చి 17 నిమిషాలుంటాడు. మబ్బు పట్టకపోతేనే. ఇక్కడ తవ్వకాలు జరిపిన ప్రొఫెసర్ ఓకెల్లీ 1967లో ఒక్కరే లోపల కూర్చుని ఆ వెలుగు చూశారు.

చీకట్లో పక్కనున్న పెద్దావిడ నా మోచెయ్యి పట్టుకుంది. తనవాళ్లెవరో అనుకుందేమో, లైటు వెలిగేదాకా వదల్లేదు.