సూత్రాలు సరే, బగ్ రిపోర్టు ఏదీ?

మీడియా విలువల గురించి చదువుదామని గూగులిస్తే ముందు దొరికేవి ఉపన్యాసాలే. వాటికన్నా ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ప్రవర్తనా నియమావళి నయం. కాకపోతే అది ఉత్త స్పెసిఫికేషనే. బగ్ రిపోర్టు కావాలంటే, 2009 ఎన్నికల్లో డబ్బులకి వార్తలు అమ్ముకున్న తీరుపై అదే కౌన్సిల్ కోసం పరంజయ్ గుహా ఠాకుర్తా, మన కె. శ్రీనివాస్ రెడ్డి గారు రాసిన నివేదిక చదవండి. పత్రికల పేర్లతో సహా ఉంటుంది. 2010లో కౌన్సిల్ దాన్ని పూర్తిగా ప్రచురించకుండా, క్లుప్తంగా ఇంకోటి విడుదల చేసి ఊరుకుంది. చివరికి సమాచార హక్కు చట్టం పుణ్యమా అని, కేంద్ర సమాచార కమిషన్ ఆదేశంతో 2011లో అసలుది సైటులో పెట్టారు.

నియమాలు రాసినవాళ్ళే పేర్లు చెప్పడానికి వెనకాడారన్నమాట! అందుకే ఏ సైటుకెళ్ళినా నేను ముందు చూసేది ఒకటే: తమవాళ్ళ తప్పుల్ని పేర్లు పెట్టి రాశారా, లేదా? అది లేని నీతి పాఠమూ, టెస్టింగ్ చెయ్యని కోడూ ఒకటే. ఏమంటారు?