చెప్పకుండా ఆరిపోయే బ్యాట్రీ

మా హసన్‌పర్తిలో టార్చిలైటుని ఎవరూ టార్చిలైటు అనరు, బ్యాట్రీ అంటారు. మరి అందులో వేసే బ్యాటరీలని ఏమంటారయ్యా అంటే, సెల్లులు అంటారు. ఇంజనీరింగు చదివినా సరే, ఇంటికెళ్తే నేనూ అలాగే అంటాను. లేకపోతే మా బాపు నన్నో పరాయివాణ్ణి చూసినట్టు చూస్తాడు.

బ్యాట్రీతో మా ఇంటి బంధం పాతది. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది గానీ, అందులో కొన్ని గంటలు రాత్రిపూట వచ్చేవి. బాపు ఏ అర్ధరాత్రో లేచి, బ్యాట్రీ పట్టుకుని, బాయికాడికి పోయి మోటారు వేసొచ్చేవాడు. కట్లపాములు తిరిగేది కూడా సరిగ్గా ఆ వేళలోనే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక ఆ రాత్రి నడకలు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. కోతల ముందు అడవిపందులకి కాపలా ఉండనే ఉంది కదా!

మొన్న పండక్కి వెళ్ళినప్పుడు బాపు తను కొత్తగా కొన్న ఎల్ఈడీ బ్యాట్రీని నా చేతిలో పెట్టాడు. "వెలుగు మంచిగనే ఉంటది గని, చెప్పకుంట పాణం ఇడుస్తదిరా. పాతది ముందుగాల్నే ఎర్రవడేది" అన్నాడు.

ఆఫీసులో నాకొచ్చే బగ్ రిపోర్టుల్లో ఇంత స్పష్టంగా ఉండేవి చాలా తక్కువ. సరే, విప్పి చూస్తే విషయం ఇదీ.

పాత బల్బు బ్యాట్రీలో రెండు పెద్ద సెల్లులు, కొత్తవైతే 3 వోల్టులు. వాడేకొద్దీ వోల్టేజీ జారుతూ ఉంటుంది. టంగ్‌స్టన్ బల్బు వెలుగేమో వోల్టేజీకి దాదాపు 3.4వ ఘాతంలో మారుతుంది. అంటే 3 వోల్టులు కాస్తా 2 అయితే, వెలుగు పావువంతుకి పడిపోతుంది. పైగా రంగు పసుపు తిరిగి, తర్వాత ఎర్రబడుతుంది. అందుకే సెల్లుల్లో ఇంకా సత్తువ ఉండగానే పారేసేవాళ్ళం. పారేసే ముందు నానమ్మ వాటిని ఎండలో పెట్టేది. ఆ వేడికి, ఆ విశ్రాంతికి అవి కాస్త తేరుకుని ఇంకో పూట పనికొచ్చేవి.

తెల్ల ఎల్ఈడీ లెక్క వేరు. దానికి 3 వోల్టుల పైచిలుకు కావాలి. అందుకని బాపు కొన్నదాంట్లో రెండు సెల్లులకీ ఎల్ఈడీకీ మధ్య ఒక బూస్ట్ కన్వర్టర్ ఉంది. ఒక కాయిలు, క్షణానికి వేలసార్లు ఆన్-ఆఫ్ అయ్యే స్విచ్చి, ఒక డయోడు, ఒక కెపాసిటరు. స్విచ్చి ఆన్‌లో ఉన్నప్పుడు కాయిల్లో శక్తి చేరుతుంది, ఆఫ్ కాగానే అది ఎక్కువ వోల్టేజీతో ఎల్ఈడీ వైపుకి వెళ్తుంది. వోల్టేజి రెగ్యులేషన్ అని వాడుకలో అంటాం గానీ, ఎల్ఈడీ విషయంలో పట్టి ఉంచాల్సింది కరెంటుని. వోల్టేజీ కొంచెం పెరిగినా దాని కరెంటు విపరీతంగా ఎగబాకుతుంది మరి.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఎల్ఈడీకి 3.2 వోల్టుల దగ్గర 100 మిల్లీఆంపియర్లు ఇస్తున్నామనుకోండి, అది 0.32 వాట్లు. కన్వర్టర్లో పోయేది పోగా సెల్లుల నుంచి 0.4 వాట్లు లాగాలి. సెల్లులు 3 వోల్టులున్నప్పుడు 133 మిల్లీఆంపియర్లు చాలు. 1.8కి దిగితే 222 కావాలి. అంటే సెల్లులు నీరసపడేకొద్దీ వాటి మీద బరువు పెరుగుతుందన్నమాట! బరువు పెరిగితే వోల్టేజీ ఇంకా కుంగుతుంది, అది కుంగితే బరువు ఇంకా పెరుగుతుంది. చివరిదాకా నిండు వెలుగు, ఆ తర్వాత ఒక్కసారిగా చీకటి.

అలాగని రెగ్యులేటరు వద్దంటానా? అనను. సెల్లులో ఉన్నదంతా పిండుకోవడం మంచిదే. కానీ ఎర్రబడే బల్బు బాపుకి ఇన్నేళ్ళూ మీటరుగా పనిచేసింది. వెలుగుని నిలకడగా ఉంచినవాడు ఆ మీటరుని పీకేశాడు, బదులుగా ఇంకోటి పెట్టలేదు. సర్వరు పడిపోయే ముందు అలారం మోగకపోతే మా మేనేజరు ఊరుకుంటాడా? ఇక్కడ పడిపోయేది సర్వరు కాదు, పొలం గట్టు మీద నడుస్తున్న మనిషి.

కోఠి గుజరాతీ గల్లీలో సామాన్లు కొని, అటైనీ13 అనే ఎనిమిది కాళ్ళ చిప్పుతో ఒక చిన్న బోర్డు చేస్తున్నాను. అది సెల్లుల వోల్టేజీని చూస్తూ ఉంటుంది. 2.1 దాటి దిగగానే ఏం చెయ్యాలన్నదే ప్రశ్న. "మూడుసార్లు ఆరి వెలిగితే సరిపోతదా బాపూ?" అని అడిగాను.

"నేను అడుగేసేటప్పుడే ఆరితె?" అన్నాడు.

కాబట్టి ఆరడం లేదు. ఎల్ఈడీ కరెంటుని మూడోవంతుకి తగ్గించడమే. తేడా కంటికి తెలుస్తుంది, దారీ కనిపిస్తుంది, బరువు తగ్గడంతో సెల్లులు కూడా కొంచెం కోలుకుంటాయి.

ఇక ఆ 2.1 సరైనదా కాదా అన్నది ఏ డేటాషీటూ చెప్పదు. బాపు బాయికాడినుంచి ఇల్లు చేరడానికి పట్టే సమయాన్ని బట్టి అది తేలాలి. వచ్చే శనివారం వాడేసిన సెల్లులు వేసుకుని, ఆ దారంతా బాపుతో కలిసి నడవబోతున్నాను, పాత బ్యాట్రీ ఒకటి జేబులో పెట్టుకుని.