ఒక బియ్యపు బస్తా వెల

జపాను దేశపు పెద్ద ద్వీపమగు హోన్షూలో ఈశాన్యదిక్కున యమగత యను మండలము గలదు. శీతకాలమున నచట మంచు మనుష్యుని నిలువెత్తున పేరుకొనును. గడచిన మాఘమాసమున నేనును మా అమ్మాయియు ఆ సీమకు బోయితిమి. అమ్మాయి తోకియోలో నుద్యోగము చేయుచున్నది. "అంత చలిలో నక్కడ చూడదగినదేమున్నదమ్మా?" యని యామె యడిగెను. "ఒక నాటకములోని దారి చూడవలె" నంటిని. సోదరీమణులకును నవ్వు రావచ్చును. కావున ఆ నాటకమెట్టిదో ముందుగా మనవి చేసెదను.

జపాను ప్రసారసంస్థయగు ఎన్.హెచ్.కె. వారు 1961 మొదలు ఉదయవేళ టెలివిజనులో ధారావాహిక నాటకములను ప్రదర్శించుచున్నారు. ఒక్కొక్క భాగము పదునైదు నిమిషములు. మగవారు పనులకును, పిల్లలు బడికిని బోయిన పిమ్మట ఇల్లాలు ఒకింత కూర్చుండు వేళ యది. అట్టివానిలో ఓషిన్ అను నాటకము 1983 ఏప్రిల్ 4 మొదలు 1984 మార్చి 31 వరకు 297 భాగములుగా వచ్చెను. వ్రాసినది సుగాకో హాషిద యను రచయిత్రి. తోకియో ప్రాంతమున సగటున నూటికి 52 ఇండ్లకు మించి దీనిని చూచిరి. పిమ్మట నిది అరువదికి పైగా దేశములకు బోయినది. ఇరానులో పాతబట్టల అంగళ్లకు ఈ నాటకములోని కుటుంబనామము నుండియే పేరు వచ్చినదనిన, అచటి యిండ్లలో నిది యెంత చొచ్చినదో యూహింపవచ్చును.

కథ 1983లోనే మొదలగును. ఓషిన్ అప్పటికి ఎనుబది దాటిన ముదుసలి. కుటుంబమువారికి పదునారు పెద్ద దుకాణములున్నవి. పదునేడవదానిని తెరచునాడు ఆమె యెవ్వరితోను చెప్పక యిల్లు విడిచిపోవును. మనుమడు వెదకికొనుచు వచ్చి, మంచుకొండలలోని గింజాన్ అను వేడినీటి బుగ్గల యూరిలో నామెను కనుగొనును. అచటి నుండి ఆ యిరువురును ఆమె బాల్యమున తిరిగిన తావులకు బోవుదురు. ఇంత సంపద గడించు త్రోవలో తాను దేనిని పోగొట్టుకొన్నదో తెలిసికొనవలెనని యామె కోరిక.

మేమును గింజాన్ నుండియే మొదలిడితిమి. ఒయిషిద యను స్టేషనులో రైలు దిగి బస్సెక్కితిమి. పూర్వమచట వెండిగనులుండుటచే ఆ యూరికి వెండికొండ యని యర్థమిచ్చు పేరు వచ్చినది. సన్నని యేటికి రెండు దరులను మూడు నాలుగంతస్తుల కొయ్యసత్రములు నిలిచియున్నవి. సంజవేళ దీపములు వెలిగి, కప్పులపై మంచు బంగారువన్నె తాల్చెను. చిత్రము గీసినట్లున్నదని అమ్మాయి మురిసెను. నాటకమున ఓషిన్ తల్లి కూలిబ్రదుకు బ్రదుకవచ్చినది యీ యూరికే. వేడుకకు వచ్చువారి వెలుగు వెనుక పనికి వచ్చినవారి చీకటి యుండునని నాకు తోచెను.

ఓషిన్ తండ్రి కౌలురైతు. పంటలో పెద్దభాగము భూస్వామికి బోగా మిగిలిన బియ్యము చాలక, ముల్లంగిదుంప తరిగి కలిపి వండుకొనెడివారు. గిన్నెలో అన్నపుమెతుకులకంటె ముల్లంగిముక్కలే మెండు. 1907వ సంవత్సరమున ఏడేండ్ల ఓషిన్‌ను ఒక కట్టెల వర్తకుని యింట ఏడాది పనికి కుదిర్చిరి. ప్రతిఫలము ఒక బస్తా బియ్యము. మంచు కురియుచుండగా ఆ పసిది తెప్పపై మొగామి నదిలో దిగువకు బోవు ఘట్టము జపానువారు నేటికిని మరువరు.

ఆ నది 229 కిలోమీటర్లు పారి, యమగత మండలము దాటకయే సముద్రమును చేరును. మరునాడు ఫురుకుచి వద్ద పడవ యెక్కితిమి. నేలపై చాపలు, నడుమ పొట్టిబల్ల, బల్లపై దుప్పటి, దాని క్రింద వెచ్చదనము. కాళ్లు లోపల జాపుకొని కూర్చుంటిమి. ఇరుదరుల దేవదారులు మంచు మోసికొని నిలిచియుండెను. పడవవాడు పాట యెత్తుకొనెను. అందరును చేతులు తట్టుచుండిరి. నాకు మాత్రము కన్నులు నిండెను. "ఏమమ్మా?" యని అమ్మాయి నా చేయి పట్టుకొనెను.

అంతవరకు దానితో చెప్పనిమాట అప్పుడు చెప్పితిని. మా అమ్మ తొమ్మిదవయేట రెండు బస్తాల ధాన్యమునకు పొరుగూరి మోతుబరి యింట రెండేండ్లు అంట్లు తోమినది. ఆ సంగతి నాకు ఆమె కడపటి దినములలోనే, అదియు ఒక్కసారియే, చెప్పినది. "పిల్లలకు చెప్పకే, నామోషీ" యన్నది. నేను చెప్పలేదు. అమ్మాయి చాలసేపు నీటివంక చూచి, "అమ్మమ్మ తప్పేమున్నదమ్మా, నామోషీ పడుటకు?" అనెను.

సకాత నగరమున నది సముద్రములో కలియుచున్నది. అచట 1893లో కట్టిన సంక్యో ధాన్యపుగిడ్డంగులు గలవు. నల్లని కొయ్యగోడలు వరుస తీరియుండును. పడమటియెండయు గాలియు లోనికి సోకకుండ వెనుక కెయకి యను పెద్దచెట్లను పెంచిరి. 2022 వరకు వీనిలో ధాన్యము నిలువ చేసిరి. పూర్వము ఈ బస్తాలను వీపున మోసినవారిలో స్త్రీలును గలరు. బస్తా యొక్కటి 60 కిలోలు.

అమ్మాయి లెక్కలు చదివినది. జపానులో పూర్వము ఒక మనిషికి ఏడాదికి చాలు బియ్యమును ఒక కోకు అనెడివారు. అది రమారమి 150 కిలోలు. "అట్లయిన ఒక బస్తా ఒక మనిషికి ఆరునెలలకైనను చాలదు. దానికి పిల్లదాని యేడాది!" యని యామె నిలువబడిపోయెను.

హాషిదగారికి ఈ కథ వ్రాయు తలపు కలిగించినది మెయిజీ కాలమున పుట్టిన యొక వృద్ధురాలు వ్రాసిన లేఖ యట. ఎవ్వరికిని చెప్పుకొనని తన గతమును ఆమె అందు వ్రాసెను. ఓషిన్ సహనమును లోకమెల్ల మెచ్చినది. మెచ్చవలసినదే. కాని పసివానికి అంత సహనము నేర్పవలసివచ్చిన లేమిని మెచ్చరాదు, దానిని దాచనురాదు. సిగ్గు పడవలసినవారు బస్తా కొలిచియిచ్చినవారు కాని, అంట్లు తోమిన పిల్ల కాదు.

ఆ రాత్రి బసలో అమ్మాయి పుస్తకము తీసి, మా అమ్మ పేరు, ఆ పొరుగూరి పేరు, ఆ రెండేండ్లు వ్రాసికొనెను. ఆ మోతుబరి యింట ఆమె యెక్కడ పండుకొనెడిదో, పండుగకైనను ఇంటికి పంపిరో లేదో అడిగెను. నేను చెప్పలేకపోతిని. అడుగుటకు అమ్మ లేదు. సోదరీమణులారా, మీ యింట పెద్దవారుండిన, పనులు తీరినవేళ ఒక పదునైదు నిమిషములు వారి చెంత కూర్చుండి యడుగుడు.